కడలియొడ్డున ప్రార్థన మందిరములు

మెదకు పట్టణమందలి పెద్ద చర్చిని గూర్చి విననివారు తెలుగునాట అరుదు. 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన ఆ కట్టడము కఱవు దినములలో లేచినది. తిండిలేక అలమటించుచున్న జనులకు పని కల్పించి, వారి కడుపు నింపుచు, చార్లెస్ పాస్నెట్ అను మిషనరీ దానిని కట్టించెను. ఆయన వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందినవాడు. ఆకాశమునంటు ఆ గోపురమును చూచినవారికి, మెథడిస్టులు మొదటినుండియు ఇట్టి గొప్ప కట్టడములలోనే ప్రార్థించిరేమో అని తోచవచ్చును. కాని సంగతి అది కాదు. ఇంగ్లండు దేశమున, ఒక చిన్న రేవుపట్టణములో వారు కూడుకొన్న తొలి మందిరమునకు గోపురము లేదు. కొన్నాళ్ళకు కిటికీలును లేవు. మఱికొన్నాళ్ళకు గోడలును లేవు. ఆ పట్టణము పేరు సెయింట్ ఐవ్స్.

ఇంగ్లండునకు నైరృతి మూలన సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన భూభాగమును కార్నువాల్ అందురు. దాని ఉత్తర తీరమున, కొండవాలున, ఇఱుకైన వీథులతో, ఒకదానినొకటి ఆనుకొన్న రాతియిండ్లతో సెయింట్ ఐవ్స్ నిలిచియున్నది. నేటికిని అందలి జనసంఖ్య సుమారు 11,000 మాత్రమే. పూర్వము ఆ పట్టణమునకు ప్రాణాధారము పిల్చర్డు అను చేప. మన తూర్పుతీరమున జాలరులు కవళ్ళని పిలుచు చేపల కది దగ్గఱి చుట్టము. వేసవి ముగియు వేళ ఈ చేపలు లక్షలాదిగా తీరమునకు వచ్చెడివి. ఎత్తైన గుట్టమీద ఒక కావలివాడు కన్నార్పక సముద్రమును చూచుచుండెడివాడు. నీటిలో చేపలగుంపు నీడ కనబడగానే ఆతడు పెద్దగా కేక వేసెడివాడు. ఆ కేక విన్న జాలరులు పడవలపై పోయి, చుట్టువలతో గుంపునంతటిని ముట్టడించెడివారు. ఒడ్డున స్త్రీలు చేపలను ఉప్పులో పేర్చి, పీపాలలో అదిమి, నూనె తీసి, ఇటలీ దేశమునకు ఓడలమీద పంపుటకు సిద్ధము చేసెడివారు. చేప వచ్చిన యేడు తిండి, రానియేడు అప్పు. ఇది వారి జీవనము.

ఇట్టి పట్టణములోనికి మెథడిస్టు మతోద్యమము ఎట్లు వచ్చెనో తెలిసికొనుటకు ముందు, ఆ పేరు ఎట్లు పుట్టెనో చెప్పవలెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో 1729 ప్రాంతమున కొందఱు యువకులు ఒక చిన్న సంఘముగా కూడిరి. వారు వేళ తప్పక చదివెడివారు, వేళ తప్పక ప్రార్థించెడివారు, చెఱసాలలకు పోయి ఖైదీలను పలుకరించెడివారు. ప్రతిపనికిని ఒక పద్ధతి, ఒక వేళ. ఇంగ్లీషులో పద్ధతిని మెథడ్ అందురు. కావున తోడి విద్యార్థులు వారిని పరిహాసముగా మెథడిస్టులని పిలిచిరి. ఎగతాళికి పెట్టిన పేరే తరువాత వారికి గౌరవనామమైనది. ఆ యువకులలో ముఖ్యులు జాన్ వెస్లీ, ఆయన తమ్ముడు చార్లెస్ వెస్లీ. ఇరువురును ఆంగ్లేయ ప్రభుత్వము గుర్తించిన చర్చిలోనే గురువులు. వేఱొక మతశాఖను స్థాపింపవలెనని వారు తలపెట్టలేదు. 1739 నుండి జాన్ వెస్లీ చర్చి గోడలను దాటి, మైదానములలోను, గనులవద్దను, సంతలలోను బోధించుట మొదలిడెను. చర్చికి పోవుటకు మంచిబట్ట లేనివారు, పోయినను తమకు చోటులేదని తలచువారు, ఆయన మాటలు వినుటకు వేలకొలది వచ్చిరి.

సెయింట్ ఐవ్స్‌లో అప్పటికే కొలదిమంది సామాన్యులు ఒక ఇంట కూడి, ధర్మగ్రంథములు చదువుకొనుచుండిరి. బ్రిస్టలు నగరమునుండి వచ్చిన టర్నర్ అను ఓడకెప్టెను ఒకడు ఈ చిన్న కూటమిని చూచి సంతోషించెను. ఆతడు మెథడిస్టు. ఆతని మూలమున వెస్లీ సోదరులకు ఈ పట్టణపు వార్త అందినది. 1743 జూలైలో చార్లెస్ వెస్లీ అచ్చటికి వచ్చెను.

ఆయనకు లభించిన స్వాగతము విచిత్రమైనది. ఒకనాటి సాయంకాలము ఆయన బోధన మొదలుపెట్టగానే, ఒక అల్లరిమూక మందిరములోనికి చొచ్చుకొని వచ్చెను. అందఱును వెంటనే లేచి పోనిచో చంపుదుమని బెదరించిరి. దీపపు సెమ్మెలు విఱుగగొట్టిరి. కిటికీల అద్దములు పగులగొట్టిరి. తలుపురెక్కలను, బల్లలను, బీదలకొఱకు చందాలు వేయు పెట్టెనుసైతము ఎత్తుకొనిపోయిరి. రాతిగోడలు తప్ప మఱేమియు మిగుల్పలేదని చార్లెస్ తన దినచర్యలో వ్రాసికొనెను. అయినను పట్టణములో అందఱును మూకతో చేరలేదు. మేయరు న్యాయబుద్ధి గలవాడు. ఆతడు క్రొత్త రక్షకభటులను నియమించి, ఆ చిన్న సంఘమునకు రక్షణ కల్పించెను. గుంపు అంతయు ఒకవైపున ఉన్నప్పుడు చట్టము పక్షమున నిలుచుటకు అధికారము ఒక్కటి చాలదు, గుండె దిటవును కావలెను.

ఇంతకును ఆ సామాన్యులపై అంత కోపమేల? కారణములు పెక్కు కలవు. ఇంగ్లండు అప్పుడు స్పెయినుతో యుద్ధములో ఉండెను. ఫ్రాన్సునుండి దండయాత్ర వచ్చునను భయము వ్యాపించియుండెను. సింహాసనము తనదని చెప్పుకొను స్టువర్టు రాకుమారుడు ఏ క్షణమున ఓడ దిగునోయని తీరవాసులు బెదరుచుండిరి. అట్టివేళ, రాత్రులు ఇంటిలో గుమికూడి, క్రొత్త పాటలు పాడుకొను మనుష్యులు శత్రువుల గూఢచారులేయని పుకారు పుట్టినది. జాన్ వెస్లీ ఫ్రాన్సులో ఆ రాకుమారునితో ఉండి వచ్చెనని కొందఱు పెద్దమనుష్యులే చెప్పిరి. కొందఱు గురువులు వేదికలమీదనుండి ఈ అనుమానమునకు ఆజ్యము పోసిరి. పుకారును పుట్టించుటకు సాక్ష్యము అక్కఱలేదు, దానిని నమ్ముటకు భయమొక్కటి చాలును.

ఆ సంవత్సరము ఆగస్టు చివర జాన్ వెస్లీ స్వయముగా వచ్చెను. అప్పటికి సంఘములో సుమారు 120 మంది ఉండిరి. ఆయనతో జాన్ నెల్సన్ అను యార్కుషైరువాడు వచ్చెను. ఆతడు రాతిపని చేసికొను తాపీమేస్త్రి, చదువు కొంచెమే. ఆ దినములలో వారిరువురు పడిన పాట్లు నెల్సన్ తన స్వీయచరిత్రలో వ్రాసియుంచెను. వారు మూడు వారములు కటికనేలమీద పండుకొనిరి. నెల్సన్ తొడుగుకొను పెద్దకోటు వెస్లీకి తలదిండు, ఒక లావాటి వ్యాఖ్యానగ్రంథము నెల్సన్‌కు తలదిండు. ఒక తెల్లవారుజామున వెస్లీ ప్రక్కకు ఒత్తిగిలి, నెల్సన్‌ను తట్టి, విచారింపవలదనియు, తనకు ఒక ప్రక్క మాత్రమే చర్మము ఊడినదనియు, రెండవ ప్రక్క ఇంకను చక్కగా ఉన్నదనియు నవ్వుచు చెప్పెను. తిండిమాట అంతకంటె కష్టముగా ఉండెను. బోధన వినువారు పెక్కుమంది ఉండిరి గాని, భోజనమునకు పిలుచువారు అరుదు. ఒకనాడు వెస్లీ దారిలో గుఱ్ఱము నాపి, ముళ్ళపొదలలోని నల్లని పండ్లు కోసికొని తినుచు, ఆకలి పుట్టించుటలో ఈ సీమకు సాటిలేదనియు, అన్నము పెట్టుటలో దీనికంటె వెనుకబడిన సీమ లేదనియు హాస్యమాడెను. ఆక్స్‌ఫర్డులో అధ్యాపక పదవి నందిన పండితుడు ఒక తాపీమేస్త్రి ప్రక్కన నేలపై పరుండి నవ్వగలిగెను. ఆ నవ్వును చూచియే జనులు ఆయనను తమవానిగా ఎంచిరని చెప్పవచ్చును.

1743 సెప్టెంబరు 16వ తేదీ రాత్రి మూక మఱల మందిరములో జొరబడినది. సంఘములోనివారు వణకిపోయిరి. వెస్లీ వేదిక దిగి, తిన్నగా ఆ గుంపు నడుమకు నడచిపోయెను. తలపై ఒక దెబ్బ తగిలినది. ఆయన దానిని లెక్కచేయక, మూకకు నాయకుడైనవానిని చేయిపట్టి వేదికయొద్దకు తీసికొనివచ్చెను. అచ్చట ఇరువురును వాదించిరి. ఆయన ఆతనిని తిట్టలేదు, శపింపలేదు. నీ కోపమునకు కారణమేమో చెప్పుము, విందునన్నట్లు మాటాడెను. వాని స్వరము క్రమముగా తగ్గినది. తుదకు తనవారిని నెమ్మదిపఱచుటకు వాడే పూనుకొనెను. గుంపుగా ఉన్నప్పుడు ఎవనికిని ముఖము ఉండదు. అందులోనుండి ఒక్కనిని బయటికి పిలిచి, మనుష్యునిగా చూచి, మాటాడినచో వాడు మఱల మనుష్యుడగును. ఆ రాత్రి సెయింట్ ఐవ్స్‌లో జరిగినది ఇదియే.

ఐనను ఒక్క రాత్రితో కథ ముగియలేదు. 1744 ఏప్రిల్‌లో వెస్లీ తిరిగి వచ్చునప్పటికి మందిరము లేదు. అది ఉన్నచోట రాళ్ళకుప్ప ఉండెను. జరిగినదేమనగా, ఆ ఫిబ్రవరిలో మధ్యధరా సముద్రమున, ఫ్రాన్సులోని టూలాన్ రేవుకు సమీపమున, ఆంగ్లేయ నౌకాదళము స్పెయిను, ఫ్రాన్సు దేశముల నౌకలతో పోరాడెను. మన అడ్మిరల్ మాథ్యూస్ స్పెయినువారిని ఓడించెనన్న వార్త సెయింట్ ఐవ్స్ చేరినది. పట్టణవాసులకు ఆనందము పట్టరానిదైనది. ఆనందమును వెల్లడించుటకు వారికి తోచిన మార్గమేమి? మెథడిస్టుల మందిరమును పడగొట్టుట! దూరపు సముద్రములో శత్రువును గెలిచినందుకు, ఊరిలోని పొరుగువాని కప్పు కూల్చిరి.

ఇందులో మఱియొక వింత కలదు. వారు పండుగ చేసికొన్న ఆ విజయము విజయమే కాదు. టూలాన్ యుద్ధము తేలకుండనే ముగిసెను. శత్రునౌకలు తప్పించుకొనిపోయెను. దానిపై విచారణ జరిపి, 1747లో అడ్మిరల్ మాథ్యూస్‌ను కొలువునుండి తొలగించిరి. లేని గెలుపునకు ఉత్సవము, చేయని తప్పునకు శిక్ష! గుంపు తొందరపాటు ఎంతదూరము పోవునో చూపుటకు ఇంతకంటె నిదర్శనము వేఱొకటి కావలయునా?

మందిరము కూలినను సంఘము కూలలేదు. జాన్ నాన్స్ అను పట్టణవాసి ఇల్లు వారికి కూడుకొను చోటైనది. వెస్లీ వచ్చిన దినమున ఆ ఇంట వేచియున్నవారు ఆయనను చూచి ఒక్కసారిగా ఏడ్చిరి, తరువాత కన్నీరు తుడుచుకొని స్తోత్రములు పాడిరి. వెలుపల అడుగిడగానే ఎప్పటివలెనే కేకలు, రాళ్ళు, మట్టిబెడ్డలు. వారు ఎదురు రాయి విసరలేదు.

కట్టడము లేనిచో సంఘము ఎట్లు నిలుచును? దాని రహస్యము మెథడిస్టుల సంఘనిర్మాణములో ఉన్నది. 1742లో బ్రిస్టలు నగరమున ఒక మందిరపు అప్పు తీర్చుటకు ఒక ఉపాయము పుట్టెను. సంఘమును సుమారు పన్నెండుగురు చొప్పున చిన్న తరగతులుగా విభజించి, ఒక్కొక్కదానికి ఒక నాయకుని నియమించిరి. ప్రతివ్యక్తియు వారమునకు ఒక పెన్నీ ఇయ్యవలెను. ఇయ్యలేనివాని పెన్నీ నాయకుడే ఇచ్చును. అప్పు తీర్చుటకు మొదలైన ఏర్పాటు ఒకరి కష్టసుఖముల నొకరు తెలిసికొను ఏర్పాటుగా మాఱెను. నాయకుడు ప్రతివారము ఇంటింటికి పోవలెను గదా! ఎవరు జబ్బుపడిరో, ఎవరు త్రాగుడులో పడిరో, ఎవరి పడవ తిరిగి రాలేదో ఆతనికి తెలిసెడిది. స్త్రీలును తరగతులకు నాయకురాండ్రైరి. జాలరులు, గనికార్మికులు, చెప్పులు కుట్టువారు లేచి నిలిచి బోధింప నేర్చిరి. ఆదివారపు బడులలో పిల్లలును, కొన్నిచోట్ల పెద్దలును అక్షరములు దిద్దిరి. మందిరపు గోడలను మూక పడగొట్టగలిగెను గాని, వారమునకొక పెన్నీ ఇచ్చు చేతులను విడదీయలేకపోయెను.

వెస్లీ కార్నువాల్ సీమకు ముప్పదిసార్లకు పైగా వచ్చెను. 1789 ఆగస్టులో ఆయన సెయింట్ ఐవ్స్‌లో తుదిసారి బోధించెను. అప్పటికి ఆయన వయస్సు 86 సంవత్సరములు. సంతవీథిలో ఒక ప్రక్కన నిలిచి మాటాడుచుండగా, ఇంచుమించు పట్టణమంతయు వచ్చి నిశ్శబ్దముగా ఆలకించినది. రాళ్ళు రువ్వినవారి మనుమలు, ముని మనుమలు ఆ గుంపులో ఉండియుండవచ్చును. నలువది యేండ్ల శ్రమ వ్యర్థము కాలేదను సంతృప్తిని ఆ వృద్ధుడు తన దినచర్యలో వ్యక్తపఱచెను. రెండేండ్ల తరువాత, 1791లో, ఆయన మరణించెను.

ఆ పిమ్మట వచ్చిన నూఱు సంవత్సరములలో సెయింట్ ఐవ్స్ మెథడిస్టుల పట్టణమైనది. కాని సంఘము పెరిగినకొలది అందులో భేదములును పెరిగినవి. సంఘపాలనలో సామాన్యసభ్యులకు భాగముండవలెనని కోరినవారు 1797లో విడిపోయి న్యూ కనెక్షన్ అను శాఖగా ఏర్పడిరి. బహిరంగ ప్రదేశములలో గొప్ప ప్రార్థనసభలు జరుపవలెనన్నవారు 1811లో ప్రిమిటివ్ మెథడిస్టులైరి. 1815లో కార్నువాల్‌వాడైన విలియం ఓబ్రయన్ బైబిల్ క్రిస్టియనులను శాఖను స్థాపించెను. వెస్లీ మార్గమున మిగిలినవారు వెస్లియనులు. ప్రతిశాఖకును వేఱు బోధకులు, వేఱు మందిరములు. సెయింట్ ఐవ్స్‌వంటి చిన్న పట్టణములో ఫోర్ స్ట్రీట్ అను ఇఱుకువీథిలో ప్రిమిటివ్ మెథడిస్టులు 1831లో తమ మందిరము కట్టుకొనిరి. దానిని జాలరుల మందిరమనియు పిలిచెడివారు. వేఱొకచోట వెస్లియనులు, మఱియొకచోట బైబిల్ క్రిస్టియనులు కూడుకొనిరి. ఆదివారమునాడు ఒకే వీథినుండి బయలుదేరిన పొరుగువారు మూడు దిక్కులకు విడిపోయి, ఒకే దేవుని ఇంచుమించు ఒకే పాటలతో స్తుతించెడివారు.

త్రాగుడు మాన్పించు ఉద్యమమును వారిని చీల్చినది. 1838లో సంపూర్ణ మద్యనిషేధ ప్రచారకులు కార్నువాల్‌కు వచ్చిరి. వేలమంది మద్యము ముట్టమని ఒట్టు పెట్టుకొనిరి. ఇది మంచిపనియే. కాని ప్రార్థన సంస్కారములో వాడు ద్రాక్షారసముసైతము పులియనిదై యుండవలెనని కొందఱు పట్టుపట్టిరి. 1841లో వెస్లియనుల మహాసభ దానికి సమ్మతింపలేదు, మద్యనిషేధ సభలకు మందిరముల నీయరాదనియు తీర్మానించెను. దానిపై సెయింట్ ఐవ్స్‌లో పలువురు సంఘమును విడిచి, టీటోటల్ వెస్లియన్ మెథడిస్టులను పేర క్రొత్తశాఖ నెలకొల్పుకొనిరి. 1860లో వారు న్యూ కనెక్షన్‌లో కలిసిరి. ఒక గిన్నెడు ద్రాక్షారసము ఒక పట్టణపు సంఘమును రెండుగా చేసినది. ఇరుపక్షములవారును నిష్ఠగలవారే. నిష్ఠతోబాటు ఓర్పుకూడ లేనిచో ఏమి జరుగునో ఈ చీలిక చెప్పుచున్నది.

ఈ నిష్ఠకు ఇంకను కఠినమైన పరీక్ష సముద్రముమీదనే వచ్చినది. మందిరములకు పోవు జాలరులు ఆదివారమునాడు వల వేయరు. చేపలగుంపు కంటియెదుటనే పోవుచున్నను పడవ కట్టు విప్పరు. చేపమీదనే బ్రతుకువాడు, పిల్లలు ఆకలితో ఉండగా, వచ్చిన చేపను విడిచిపెట్టుట సామాన్యమైన త్యాగము కాదు. దీనిని లోకమంతయు మెచ్చుకొనవలసినదే. ఐతే, ఆ నియమము లేనివాడు ప్రక్కపడవలో ఉన్నప్పుడేమి చేయవలెను?

సెయింట్ ఐవ్స్‌కు పది మైళ్ళలోపున, కార్నువాల్ దక్షిణతీరమున, న్యూలిన్ అను జాలరిపల్లె కలదు. అచ్చటివారును మెథడిస్టులే, అదే ఆదివారపు నియమము గలవారే. ఇంగ్లండు తూర్పుతీరమునందలి లోస్టాఫ్టు మొదలగు రేవులనుండి వచ్చిన పడవలు ఆదివారముకూడ చేపలు పట్టి, సోమవారపు సంతలో మంచిధర కమ్ముకొనుచుండెను. నియమము పాటించినవానికి నష్టము, పాటింపనివానికి లాభము. ఈ అన్యాయము చాలకాలము వారి మనస్సులలో కుమిలినది. 1896 మే 18వ తేదీన కోపము కట్టలు తెంచుకొనెను. న్యూలిన్ జాలరులు తూర్పువారి పడవలపైకి ఎక్కి, కానగుర్త జాతికి చెందిన మాకెరెల్ చేపలను సుమారు లక్షవఱకు సముద్రములో పాఱబోసిరి. రేవునకు అడ్డముగా గొలుసులు కట్టిరి. అల్లరి పెరిగి, రక్షకభటులకు లోబడకపోగా, ప్రభుత్వము వందలకొలది సైనికులను, యుద్ధనౌకలను పంపవలసివచ్చెను.

ఈ కథను చదువువారు ఒకక్షణము ఆగవలెను. నూఱు ఏబదియేండ్లకు పూర్వము మూక కేకలు వేయుచు వచ్చి, మెథడిస్టుల బల్లలను, కిటికీలను ధ్వంసముచేసెను. ఇప్పుడు మెథడిస్టులే మూకగా కూడి, తమ నియమము పాటింపనివాని కష్టార్జితమును నీటిపాలు చేసిరి. వారి బాధ నిజమైనది, వారి నియమము పవిత్రమైనది. కాని తన నియమమును తాను పాటించుట వేఱు, ఎదుటివానిచేత బలవంతముగా పాటింపజేయుట వేఱు. మొదటిదానికి ధైర్యము కావలెను, రెండవదానికి గుంపు చాలును. వెస్లీ ఒంటరిగా గుంపు నడుమకు నడచినప్పుడు ఆయన చేతిలో ఏమున్నది? ఏమియు లేదు. ఆ సంగతి ఆయన మందిరములలో తరతరములుగా చెప్పుకొనబడినను, న్యూలిన్ రేవులో ఆనాడు ఎవరికిని జ్ఞప్తికి రాలేదు. హింసింపబడినవాని సంతతికి హింస ఎట్లుండునో దానంతటదే తెలియదు. దానిని ప్రతితరమువారును మఱల నేర్చుకొనవలసినదే.

ఇరువదవ శతాబ్దము వేఱొక పాఠమును నేర్పెను. 1907లో బైబిల్ క్రిస్టియనులు, న్యూ కనెక్షన్‌వారు, మఱియొక శాఖవారును కలిసి యునైటెడ్ మెథడిస్టులైరి. 1932లో లండను నగరమున వెస్లియనులు, ప్రిమిటివ్ మెథడిస్టులు, యునైటెడ్ మెథడిస్టులు మువ్వురును ఏకమై ఒకే చర్చిగా రూపొందిరి. తాతలు విడిపోయినచోట మనుమలు చేతులు కలిపిరి. కాని అప్పుడొక చిక్కు వచ్చినది. సంఘము ఒక్కటి, కట్టడములు పెక్కు. ప్రతి మందిరమును ఎవరి తాతయో రాళ్ళు మోసి కట్టినదే, ఎవరి అవ్వయో పెన్నీలు కూడబెట్టి నిలిపినదే. దేనిని మూయవలెను? దేనిని ఉంచవలెను? మాటలలో కలియుట సులభము. చిన్ననాడు తల్లిప్రక్కన కూర్చున్న బల్లను విడిచి, పొరుగువారి మందిరములో క్రొత్తబల్లపై కూర్చుండుట కష్టము.

అదే కాలమున పట్టణమును మాఱిపోయినది. 1877లో రైలు వచ్చినది. పిల్చర్డు చేపలు తగ్గిపోయినవి. జాలరులు వలలు ఆరవేసికొను అటకలు చిత్రకారుల పనిశాలలైనవి. 1993లో టేట్ సంస్థవారి చిత్రకళాశాల అచ్చట తెఱవబడినది. వేసవిలో యాత్రికులు వేలకొలది వచ్చి, ఇఱుకువీథులలో క్రిక్కిఱిసి తిరుగుదురు. కార్నువాల్‌లో పెక్కు మందిరములు నివాసగృహములుగాను, అంగళ్ళుగాను మాఱిపోయినవి. సెయింట్ ఐవ్స్‌లో వీల్ డ్రీమ్ అనుచోట పట్టణ మ్యూజియం ఉన్నది. ఆ కట్టడపు చరిత్ర చిత్రమైనది. అది ఒకప్పుడు పిల్చర్డు చేపలను ఉప్పులో ఊరవేయు కొట్టము. ఒకప్పుడు బైబిల్ క్రిస్టియనుల మందిరము. చాకిరేవుగాను, సినిమాశాలగాను, నావికుల విశ్రాంతిగృహముగాను కూడ అది పనిచేసినది. ఇప్పుడందు పాతవలలు, పడవల నమూనాలు, పట్టణపు జ్ఞాపకములు భద్రపఱుపబడియున్నవి. గోడలు అవియే, లోపలి పని మాత్రము కాలమునుబట్టి మాఱినది.

రాతిగోడలు తప్ప మఱేమియు మిగులలేదని 1743లో చార్లెస్ వెస్లీ వ్రాసెను. నేడు ఆ పట్టణములో కొన్నిచోట్ల నిజముగా రాతిగోడలే మిగిలియున్నవి. అందులకు దుఃఖించువారును కలరు. కాని ఈ రెంటికిని నడుమ ఒక భేదమున్నది. ఆనాడు కిటికీలను పగులగొట్టినది ద్వేషము. నేడు తలుపులను మూసినది కాలము. ద్వేషము పడగొట్టినదానిని సంఘము తిరిగి కట్టుకొనెను. కాలము మూసినదానిని తెఱచుట కట్టడముల పనికాదు, దానిని కట్టించిన గుణములను జ్ఞప్తియందుంచుకొనువారి పని.

మెదకు చర్చిని కట్టించిన వెస్లియన్ మెథడిస్టు మిషను నాటిన సంఘము కూడ ఈ కలయికలో భాగమైనది. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసు నగరమున దక్షిణభారతమందలి ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలిస్టులు ఏకమై దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడిరి. ఇంగ్లండులో పుట్టిన పాతచీలికలను తెలుగువారు మోయనక్కఱలేదని ఆనాటి పెద్దలు తలచిరి.

సెయింట్ ఐవ్స్ రేవులో 1767 నుండి 1770 వఱకు జాన్ స్మీటన్ అను ఇంజనీరు కట్టించిన రాతికట్ట నేటికిని అలల తాకిడిని ఓర్చుకొని నిలిచియున్నది. ఆ కట్టమీద నిలిచినవారికి ఒకవైపు సముద్రము, మఱొకవైపు పట్టణపు కప్పులు కనబడును. ఆ కప్పుల నడుమనే ఒకానొక రాత్రి ఒక మనుష్యుడు, తలపై దెబ్బ తిని, కొట్టినవారి నాయకుని చేయిపట్టుకొని, మాటాడుకొందము రమ్మని పిలిచెను. ఆ మందిరము ఏనాడో కూలినది. ఆ పిలుపు మాత్రము కూలలేదు.